చెరువు అంచు చామంతులు: అరుదైన మొక్కను గుర్తుపట్టడం ఎలా?



ఈనాటి మన ప్రసంగాంశం ఆస్టరేసి, అంటే చామంతి కుటుంబం. పాఠ్యపుస్తకంలో మీరు దీన్ని చదివే ఉంటారు. పొద్దుతిరుగుడు బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, మార్కులు కూడా తెచ్చుకుని ఉంటారు. అందువల్ల ఆ పాఠాన్ని మళ్ళీ చెప్పను. ఒక ప్రశ్న మాత్రం మీ ముందు ఉంచుతాను. సముద్ర తీరానికి దగ్గరగా ఉన్న ఒక కుంట అంచున చామంతిలాంటి చిన్న అడవి పువ్వు కనిపించింది. అది ఎక్కడ చూసినా ఉండే కలుపు మొక్కా, లేక అరుదైనదా? ఈ సంగతి ఎలా తేల్చాలి?

నేనుండేది గుజరాత్‌లోని సూరత్ జిల్లా కామ్‌రేజ్‌లో, తాపీ నది ఒడ్డున. నేత పనులకు వచ్చి సూరత్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. నగరపాలక సంస్థ వారి బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఆ పిల్లలను చెరువుల దగ్గరికి తీసుకువెళ్ళినప్పుడు నాకు ఒక సౌకర్యం కనిపిస్తుంది. కామ్‌రేజ్ నుంచి డుమస్ సముద్రపు ఒడ్డు వరకు దూరం నలభై కిలోమీటర్లకు మించదు. కామ్‌రేజ్ వైపు మంచినీటి కుంటలు, వరి పొలాలు, చెరుకు తోటలు. 1995లో సింగణపోర్ వద్ద తాపీ మీద ఆనకట్ట కట్టిన తరువాత సముద్రపు పోటు దానికి దిగువనే ఆగిపోతోంది. అక్కడి నుంచి సముద్రం వైపు వెళ్ళేకొద్దీ నేలలో ఉప్పు పెరుగుతుంది, మడ చెట్లు మొదలవుతాయి. ఉప్పు పెరిగిన కొద్దీ మొక్కల జాబితా మారుతుంది. కాబట్టి మొక్కను చూసే ముందు అది నిలబడ్డ నీళ్ళు ఎలాంటివో చూడాలి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఉండే విద్యార్థులు కూడా ఈ తేడాను పల్లపు పొలాల నుంచి సముద్రం వైపు నడుస్తూ చూడవచ్చు.

ఇప్పుడు పువ్వు దగ్గరికి వద్దాం. మీ ఇంటి ముందు, బడి ఆవరణలో గడ్డిచామంతి తప్పక ఉంటుంది. ట్రైడాక్స్ ప్రొకంబెన్స్ దాని శాస్త్రీయ నామం. ఒక పువ్వును తుంచి బ్లేడుతో నిలువునా రెండుగా కోయండి. మనం 'పువ్వు' అనుకున్నది ఒక పువ్వు కాదు, చిన్న పువ్వుల సమూహం. దీనినే శీర్షవద్విన్యాసం అంటారు. అంచున రేకుల్లా కనిపించేవి కిరణ పుష్పకాలు, మధ్యలో గొట్టాల్లా ఉండేవి బింబ పుష్పకాలు. వీటన్నిటినీ కింద నుంచి పట్టుకుని ఉండే ఆకుపచ్చ పొలుసుల వరుస పరిచక్రపుచ్ఛావళి. ప్రతి చిన్న కాయ నెత్తిన ఉండే వెంట్రుకల కుచ్చు కేశగుచ్ఛం. గాలికి ఎగిరే గింజను ఊదుతూ మీరు ఆడుకున్నది ఆ కుచ్చుతోనే.

ఈ పదాలను గుర్తుంచుకోమనడం పరీక్ష కోసం కాదు. ఈ కుటుంబంలో ఇరవైనాలుగు వేలకు పైగా జాతులున్నాయి. పసుపు రేకులు, తెల్ల రేకులు అనే గుర్తుతో వాటిని విడదీయలేం. రంగు చూసి పేరు పెట్టేవారికి చామంతి కుటుంబం గట్టి బుద్ధే చెబుతుంది.

ఇక్కడ 'ఆస్టర్' అనే మాట గురించి ఒక సంగతి. గ్రీకులో ఆ మాటకు నక్షత్రమని అర్థం. పూల బజారులో ఆస్టర్ పేరుతో అమ్మే పువ్వు వృక్షశాస్త్రజ్ఞుల ఆస్టర్ ప్రజాతికి చెందదు. అది కాలిస్టెఫస్ అనే వేరే ప్రజాతి, చైనా నుంచి వచ్చింది. అంతేకాదు, ఉత్తర అమెరికాలో వందేళ్ళకు పైగా ఆస్టర్లుగా చలామణి అయిన జాతులను గై నెసోమ్ అనే శాస్త్రవేత్త 1994లో ఆ ప్రజాతి నుంచి తీసి సింఫియోట్రైకం మొదలైన ప్రజాతుల్లో చేర్చాడు. పాత పుస్తకంలో ఒక పేరు, కొత్త పుస్తకంలో మరొక పేరు కనిపిస్తే కంగారుపడకండి. మొక్క అదే, దాని చిరునామా మారింది.

ఇక కుంట అంచున కూర్చుందాం. వానాకాలం వెళ్ళి నీరు కాస్త వెనక్కి తగ్గిన సమయమైతే మంచిది. మొదట కనిపించేది గుంటగలగర. దీనిని గుంటగలిజేరు అని కూడా అంటారు గాని, గలిజేరుకూ దీనికీ చుట్టరికం లేదు. గుజరాతీలో భాంగరో, సంస్కృతంలో భృంగరాజం, శాస్త్రీయ నామం ఎక్లిప్టా ప్రాస్ట్రేటా. ఆకులు ఎదురెదురుగా ఉండి, ముట్టుకుంటే గరగరలాడతాయి. పువ్వు సెంటీమీటరు కూడా ఉండదు. తెల్లని, దారపు ముక్కల్లాంటి కిరణ పుష్పకాలు రెండు వరుసల్లో ఉంటాయి. కాయకు కేశగుచ్ఛం ఉండదు, ఉంటే గింటే చిన్న పళ్ళ మాదిరి గుర్తు మాత్రమే. ఆకును నలిపితే రసం కాసేపటికి నల్లబడుతుంది. ఆ రసంలో గుడ్డ తడిపి, ఆరబెట్టి, దీపంలో వెలిగించి కాటుక పట్టడం మీ ఇళ్ళలో పెద్దవారికి తెలిసే ఉంటుంది.

దాని పక్కనే నీరు ఇంకిన చెరువు నేలను అంటిపెట్టుకుని, లోతుగా చీలిన ఆకులతో, రేకులు లేని పసుపు గుండీల్లాంటి పూలతో ఒక మొక్క ఉంటుంది. అది గ్రాంజియా మద్రాస్పటానా. కొన్ని తెలుగు పుస్తకాల్లో దీనికి మాచిపత్రి అనే పేరుంది. వినాయక చవితి పత్రిలో మొదట చెప్పే మాచీపత్రం ఇదేనని కొందరు, ఆర్టిమీసియా అని మరికొందరు అంటారు. పూజకు ఏది వాడినా ఇబ్బంది లేదు, రెండూ చామంతి కుటుంబానివే. ఔషధానికి వాడదలిస్తే మాత్రం ఏ మాచిపత్రి అని అడిగి తీరాలి.

కోత కోసిన వరి పొలంలో ఊదారంగు బంతులతో, కాండం వెంట ఆకు రెక్కలతో, ఘాటైన వాసనతో ఉండేది బోడసరం, గుజరాతీవారి గోరఖ్‌ముండి. ఈ మూడూ మీకు కొట్టినపిండి కావాలి. ఎందుకంటే అరుదైన మొక్కను గుర్తుపట్టడమంటే నిజానికి అరుదు కాని వాటిని ఒక్కొక్కటిగా పక్కకు తీసేయడమే. సాధారణమైన వాటితో పరిచయం లేనివారికి కుంటలోని ప్రతి మొక్కా అపురూపంగానే కనిపిస్తుంది.

అసలు చిక్కు పసుపు పువ్వుతో వస్తుంది. ఒకసారి కామ్‌రేజ్ దగ్గర కొత్త ఇళ్ళ సముదాయం వెనుక ఉన్న కుంట గట్టు నుంచి ఒక విద్యార్థిని నేల మీద పాకే మొక్కను తెచ్చింది. ముదురు పసుపు పువ్వులు, నిగనిగలాడే ఆకులు. "సార్, ఇది పచ్చపూల భృంగరాజం. అరుదైన అడవి మొక్కట. ఫోన్‌లో అలాగే చూపించింది" అంది. ఆ అమ్మాయి ఉత్సాహం నాకు నచ్చింది. ఫోన్ చెప్పిన పేరును పక్కన పెట్టి ఆకును విప్పి చూడమన్నాను.

పచ్చపూల భృంగరాజం నిజంగానే ఉంది. స్ఫాగ్నెటికోలా కాలెండ్యులేసియా దాని నేటి పేరు. 1996లో జాన్ ప్రుస్కి ఈ ప్రజాతిలోకి మార్చక ముందు దానిని వెడీలియా అనేవారు. కొంకణం, కేరళ, బెంగాల్, అస్సాం వంటి తేమ ప్రాంతాల్లో పొలం గట్ల మీద, నీటి అంచుల్లో పెరిగే మన ఖండపు మొక్క ఇది. ఆకు సన్నగా, పొడవుగా, బల్లెపు మొనలా ఉంటుంది. అంచు నునుపుగా ఉంటుంది, లేదా రెండు మూడు చిన్న పళ్ళు మాత్రమే ఉంటాయి. పువ్వు పొడవైన కాడ మీద ఒంటరిగా నిలబడుతుంది, వెడల్పు రెండు రెండున్నర సెంటీమీటర్లు.

ఆ విద్యార్థిని తెచ్చిన దాని ఆకు మూడు తమ్మెలుగా చీలి, దళసరిగా ఉంది. పువ్వు ఇంకా పెద్దది. అది స్ఫాగ్నెటికోలా ట్రైలొబేటా, అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి వచ్చిన తోట మొక్క. నేలను పచ్చగా కప్పుతుందని పార్కుల్లో, రోడ్ల మధ్య, ఇళ్ళ ముందు నాటుతారు. గింజతో పెద్దగా పనిలేదు. కణుపు తెగి ఎక్కడ పడితే అక్కడ వేళ్ళు దిగుతాయి. తోటపని చేసి కత్తిరించిన తీగెలను కుంటలో పారేస్తే చాలు, రెండు వానాకాలాల్లో గట్టంతా అదే. ప్రపంచంలోని అత్యంత హానికరమైన వంద ఆక్రమణ జాతుల జాబితాలో ఇదొకటి. 'ట్రైలొబేటా' అంటేనే మూడు తమ్మెలు కలది అని అర్థం. పేరులోనే గుర్తు ఉంది గాని, లేత కొమ్మల్లో తమ్మెలు అంత స్పష్టంగా ఉండవు. అందుకని ఒక్క ఆకు చూసి తేల్చవద్దు, ఒకే తీగె మీద పది ఆకులు చూడండి. దక్షిణ చైనాలో ఈ రెండు జాతులూ సంకరమై మధ్యస్థ లక్షణాలున్న మొక్కలు కూడా పుట్టాయి. అంటే ఆక్రమణ మొక్క స్వదేశీ మొక్క చోటును తీసుకోవడమే కాకుండా దాని వంశంలోకి కూడా చొరబడుతోంది.

ఇంతకీ ఈ తేడా తెలియకపోతే వచ్చే నష్టమేమిటి? ఒకటి, మందు. తెల్లపూల గుంటగలగరనూ పచ్చపూల దానినీ కూడా భృంగరాజం పేరుతో వేర్వేరు ప్రాంతాల్లో వాడతారు. మూడో మొక్క ఆ సంచిలో చేరితే ఎండిన ఆకుల పొడిలో ఎవరు పట్టుకుంటారు? రసాయన పరీక్ష చేస్తే తెలిసిపోదా అని మీరు అడగవచ్చు. ఇక్కడొక ఆసక్తికరమైన చరిత్ర ఉంది. 1956లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో టి.ఆర్. గోవిందాచారి, కె. నాగరాజన్, బి.ఆర్. పాయ్ పచ్చపూల మొక్క నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి దాని నిర్మాణాన్ని నిర్ణయించారు. మొక్క పేరు మీదనే దానికి వెడీలోలాక్టోన్ అని పేరు వచ్చింది. తరువాత అదే పదార్థం తెల్లపూల గుంటగలగరలో కూడా దొరికింది. ఆ ఒక్క పదార్థం ఉందని చూపినంత మాత్రాన పొడి ఏ మొక్కదో చెప్పలేం. మొక్క పచ్చిగా, పువ్వుతో ఉన్నప్పుడు గట్టు మీద చేసిన గుర్తింపు విలువ అందువల్లనే.

రెండో నష్టం కుంటకు. 'అరుదైన ఔషధ మొక్క' అని పొరపడి ట్రైలొబేటాను కాపాడితే, దాని కింద గుంటగలగర, గ్రాంజియా, గడ్డి జాతులు అన్నీ వెలుతురు అందక పోతాయి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చూడగానే ఎంతోకొంత చామంతిలా ఉన్నవే. చామంతిలా ఏమాత్రం కనిపించని చామంతి చుట్టం ఒకటుంది. నాకు ఈ కుటుంబంలో అన్నిటికన్నా ఇష్టమైనది అదే: సీసూలియా ఆక్సిల్లారిస్. వరి పొలాల్లో, చెరువు అంచు బురదలో అక్టోబరు, నవంబరు నెలల్లో వెతకండి. ఆకులు పొడవుగా, సన్నగా, ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. ఆకు మొదలు వెడల్పై కాండాన్ని హత్తుకుంటుంది. ఆ ఆకు చంకలోనే, కాడ లేకుండా, లేత ఊదా లేదా తెలుపు రంగు పూల ముద్ద ఒకటి కూర్చుని ఉంటుంది. కిరణ పుష్పకాలు లేవు. చుట్టూ రేకులు లేవు. మొదటిసారి చూసినవారు దీన్ని ఏ తులసి చుట్టమో అనుకుంటారు.

దీన్ని శాస్త్రానికి పరిచయం చేసింది విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీ వైద్యుడైన ఈ స్కాట్లండ్ దేశస్థుడు 1781 నుంచి మన సామర్లకోటలో ఉండి తోట పెంచాడు, భారతీయ చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్ళాడు. 1795లో మొదలుపెట్టి భాగాలుగా వెలువడిన 'కోరమండల్ తీరపు మొక్కలు' అనే గ్రంథంలో, 1798 నాటి భాగంలో సీసూలియా బొమ్మ, వర్ణన ఉన్నాయి. తెలుగు తీరపు మొక్కల పుస్తకంలో పేరు పొందిన ఈ మొక్క దక్షిణ గుజరాత్ వరి చేలల్లోనూ పెరుగుతుంది. ఈ ప్రజాతిలో ఉన్నది ఈ ఒక్క జాతే, దాని నివాసం మన ఉపఖండమే.

మరి ఇది చామంతి కుటుంబానిదని ఎలా తెలుస్తుంది? పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, ఒక గుండుసూది చాలు. ముద్దలో నుంచి ఒక చిన్న భాగాన్ని వేరుచేయండి. రెండు పుచ్ఛాలు రెండు అరచేతుల్లా మూసుకుని, మధ్యన ఒకే ఒక్క పుష్పకాన్ని దాచుకుని ఉంటాయి. అదే ఒక పూర్తి శీర్షం! పొద్దుతిరుగుడులో వందల పుష్పకాలున్న చోట ఇక్కడ ఒక్కటే ఉంది. అలాంటి ఒంటరి శీర్షాలు చాలా చేరి ఆ ముద్ద అయింది. అంటే ఇది సమూహాల సమూహం. బోడసరం బంతిలో కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది, కాని దాని ఒక్కో శీర్షంలో పుష్పకాలు ఎక్కువ. ఇప్పుడు ఆ ఒక్క పుష్పకాన్ని చీల్చండి. పరాగకోశాలు ఒకదానికొకటి అతుక్కుని గొట్టంలా ఏర్పడి, ఆ గొట్టంలో నుంచి కీలం బయటికి వస్తుంది. అండాశయం ఆకర్షణ పత్రాల కింద ఉండి, అందులో ఒకే అండం ఉంటుంది. ఈ లక్షణాలు కలిసి కనిపిస్తే అది చామంతి కుటుంబమే, పైకి ఏ వేషం వేసుకున్నా సరే. సీసూలియా కాయకు కేశగుచ్ఛం లేదు, పండిన తరువాత కూడా ఆ రెండు పుచ్ఛాలు కాయను విడిచిపెట్టవు.

ఇంతవరకు చెప్పిన వాటిలో నిజంగా అరుదైనది ఏదని మీరు అడుగుతారు. సీసూలియా విశిష్టమైనది, కాని అరుదు అనే మాటకు వేరే కొలత ఉంది. దానికోసం ఒక్కసారి కెనడా తూర్పు తీరానికి వెళ్ళాలి. సెయింట్ లారెన్స్ సింధుశాఖ చుట్టూ, ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలోనూ, మాగ్డలెన్ దీవుల్లోనూ, న్యూ బ్రన్స్‌విక్‌లోనూ ఇసుక దిబ్బల వెనుక ఉప్పు కలిసిన మడుగులున్నాయి. వాటి అంచున జానెడు ఎత్తుండే ఒక ఏకవార్షిక ఆస్టర్ పెరుగుతుంది. 1914లో ఫెర్నాల్డ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు దీనిని ఆస్టర్ లారెన్షియానస్ అన్నాడు. నేడు దాని పేరు సింఫియోట్రైకం లారెన్షియానం. ప్రపంచం మొత్తం మీద ఆ సింధుశాఖ తీరాల్లో తప్ప మరెక్కడా లేదు. కెనడాలో చట్టం ద్వారా రక్షణ పొందుతున్న జాతి. దాని దగ్గరి బంధువుల్లో ఒకటి మన ఉత్తర భారతంలో కాలువల పక్కన కలుపుగా స్థిరపడింది. ఒకే ఇంటి పేరున్న ఇద్దరిలో ఒకరు ఊరు దాటలేదు, మరొకరు సముద్రాలు దాటి వచ్చి కూర్చున్నారు!

అంత అరుదైన పువ్వు అందంగా ఉంటుందనుకుంటే పొరపాటు. కిరణ పుష్పకాల రేకులు ఎంత కురచంటే, విచ్చుకున్నదీ మొగ్గా తేల్చుకోవడమే కష్టం. దానిని బంధువుల నుంచి వేరు చేయడానికి రేకుల పొడవు, పుచ్ఛాల ఆకారం, ఆకు అంచున వెంట్రుకలున్నాయా లేవా అన్నవి చూడాలి. ఇంకొక చిక్కు, ఏడాది ఏడాదికీ దాని సంఖ్య విపరీతంగా మారుతుంది. ఒక ఏడు గుంపులుగా మొలుస్తుంది, మరో ఏడు దాదాపు కనిపించదు. విత్తనాలు నేలలో ఉండి, నీటిమట్టం, ఉప్పు, వెలుతురు అనుకూలించినప్పుడు లేస్తాయి. పెద్ద గడ్డి పెరిగి నీడ పడితే ఇది నిలవదు. తుపాను ఆ గడ్డిని తుడిచిపెడితే దీనికి చోటు దొరుకుతుంది, అదే తుపాను దిబ్బను కోసి మడుగునే పూడ్చివేయనూ వచ్చు. ఒక్క సంవత్సరం చూసి 'ఇక్కడ లేదు' అని రాసిన నివేదిక ఇలాంటి మొక్క విషయంలో ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ఈ మాట మన కుంటలకూ వర్తిస్తుంది. అహ్మదాబాద్‌లోని ఇస్రో అంతరిక్ష అనువర్తన కేంద్రం తయారుచేసిన జాతీయ చిత్తడినేలల అట్లాస్ 2011లో వెలువడింది. రెండుంపావు హెక్టార్ల కంటే పెద్దవైన 2,01,503 చిత్తడినేలలను అందులో హద్దులతో గుర్తించారు. అంతకంటే చిన్నవి 5,55,557 ఉన్నాయి. వాటికి హద్దులు లేవు, పటం మీద ఒక్కో చుక్క మాత్రమే. 2017లో సుప్రీంకోర్టు రక్షణ ఆదేశం ఇచ్చింది మొదటి రకం వాటికి. ఊరి చివర కుంటలు ఎక్కువ భాగం ఆ చుక్కల్లోవే. ఒక చుక్కను పూడ్చి స్థలాలు అమ్మకానికి పెట్టినప్పుడు, అక్కడ ఏమేమి పెరిగేవని ఎవరైనా అడిగితే, ఎవరో ఒకరు సరైన పేర్లతో రాసి పెట్టి ఉంటే తప్ప జవాబు ఉండదు. మీ కళాశాల ప్రాజెక్టు పుస్తకమే ఆ జవాబు కావచ్చు. అందులో ట్రైలొబేటాను అరుదైన భృంగరాజమని రాసి ఉంటే, మిగతా పేర్లను కూడా ఎవరూ నమ్మరు.

ఎలా రాయాలో చెప్పి ముగిస్తాను. ఫోటో తీసేటప్పుడు పువ్వును పైనుంచి ఒక్కటే తీయకండి. దాన్ని తిప్పి వెనుక ఉన్న పుచ్ఛాలను తీయండి, నిలువునా కోసిన శీర్షాన్ని తీయండి, ఆకు కాండానికి కలిసే చోటును, కణుపును, పండిన కాయను కొలబద్ద పక్కన పెట్టి తీయండి. మొక్కలు విరివిగా ఉంటే ఒక కొమ్మను పాత వార్తాపత్రికల మధ్య అదిమి ఆరబెట్టి మీ కళాశాల హెర్బేరియానికి ఇవ్వండి. పట్టుమని పది మొక్కలు కూడా లేకపోతే తుంచవద్దు, ఫోటోలతో సరిపెట్టండి. లేబుల్ మీద ఊరు, కుంట పేరు, తేదీ, నీరు మంచిదా ఉప్పుదా, పక్కన ఏ మొక్కలున్నాయి, మీ లెక్కకు ఎన్ని మొక్కలు కనిపించాయి అన్నవి రాయండి. పేరు తేలకపోతే ప్రజాతి వరకే రాసి ఆపండి. మరుసటి ఏడు అదే నెలలో అదే కుంటకు వెళ్ళండి. మొక్క కనిపించకపోతే ఆ సంగతి కూడా తేదీ వేసి రాయండి.